అడిగినవాళ్లే ఇవ్వాలి

మా కథకు చిల్లు పడిందన్న సంగతి నాకు ఒక మంగళవారం మధ్యాహ్నం స్కూలు స్టాఫ్ రూములో, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ కొరుకుతుండగా తెలిసింది. ఫోనులో ఒక పాఠకురాలి వ్యాఖ్య వచ్చి పడింది. చాలా మర్యాదగా ఉంది. మర్యాదగా ఉన్న విమర్శ ఎక్కువ మండుతుంది. ఆ మంట మిరపకాయది కాదని తేల్చుకోవడానికి నేను సీసాలో నీళ్లన్నీ తాగాల్సి వచ్చింది.

"చాలా బాగా రాస్తున్నారండీ. చిన్న సందేహం. మూడో భాగంలో బిడ్డకు జ్వరం తగ్గాలని అడిగింది తల్లి. జుట్టు పోయింది బిడ్డకు. ఈ లోకంలో అడిగినవాళ్లే ఇవ్వాలి కదండీ? మరి మంత్రం ఎలా పనిచేసింది?"

నేను కర్నూలులో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. "ఇటువైపు ఏం చేస్తే అటువైపూ అదే చేయాలి" అని రోజూ అరిచి అరిచి నా గొంతు ఇరువైపులా సమానంగా అరిగిపోయింది. అలాంటి నేను రాసిన కథలో తల్లి ఒకవైపు, బిడ్డ ఇంకోవైపు. మధ్యలో సమానం గుర్తు కుంటుతోంది. పైగా మూడో భాగం వచ్చి నెలలయింది. ఇన్నాళ్లూ నాకు కనబడలేదు.

అసలు సంగతి మొదటినుంచీ చెప్పాలి. తెలుగులో ఆన్‌లైన్‌లో వారం వారం వచ్చే ఒక మాయాలోకపు ధారావాహిక ఉంది. రాసేవారికి కలం పేరే తప్ప ముఖం లేదు. ఆ లోకంలో మంత్రం వేయడానికి చదువక్కర్లేదు, గురువక్కర్లేదు. ఏం కావాలో పైకి అడగాలి. అడిగినవాళ్లే ఇవ్వాలి. ఇచ్చేది సొంత ఒంటిలోంచి ఇవ్వాలి: గొంతో, చూపో, ఒక వేలి గోరో. ఇచ్చింది మళ్లీ రాదు. ఇంతే నియమం. రాజులకూ ఇదే, రాక్షసులకూ ఇదే. ఆ కథ మీద నాకు మోజు కలగడానికి కారణం ఆ కచ్చితత్వమే. ఒక్క వారం కూడా రచయిత తన నియమాన్ని తాను మీరలేదు. లెక్కల టీచరుకు ఇంతకంటే ఏం కావాలి?

అలాంటి కథలకు అభిమానులుంటారు. అభిమానులు ఊరికే ఉండరు. ఆ లోకాన్నే తీసుకుని, అందులో తమ మనుషుల్ని పెట్టి, సొంత కథలు రాసి అదే సైటులో పెడతారు. మేమూ పెట్టాం. మేమంటే నేను, మా వదిన. మా అన్న భార్య. వేంపల్లెలో ఉంటుంది. అన్నది వేరుశనగ వ్యాపారం, వదినది ముందుగదిలో జాకెట్లు కుట్టే పని. అసలు కథలో ఏడు కోటలుంటే మేం ఎనిమిదోది కట్టాం. ఓర్వకల్లు రాళ్లు చూసినవాళ్లకు మా కోటలో ఆ పోలికలు కనబడితే మన్నించాలి, నాకు తెలిసిన రాళ్లవే. ఒక భాగం నేను, ఒక భాగం వదిన. నా భాగం నేను టైపు చేస్తాను. వదిన తన భాగాన్ని మిషను తొక్కుతూ వాయిస్ మెసేజుల్లో చెబుతుంది, దాన్నీ నేనే టైపు చేస్తాను. యుద్ధం వచ్చిన చోట మిషను వేగం పెరుగుతుంది. ఏడుపు వచ్చిన చోట ఆగిపోతుంది. మధ్యలో "చంక దగ్గర ఇంకా కొంచెం వదలాల్నా అక్కా?" అని వినబడితే అది కథలోది కాదని నాకు తెలుసు. ఒకసారి మాత్రం తెలియక టైపు చేసేశాను. కోట సేనాపతి అలా ఎందుకడిగాడో అని పాఠకులు కొన్నాళ్లు ఆలోచించారు.

మా కథకు ప్రాణం తలపాగా పిల్ల. అది వదిన సృష్టి. నోట్లో పళ్లు రాకముందే ఆ పిల్లకు జ్వరమొస్తుంది. తల్లి కొండ మీద నిలబడి, బిడ్డ బతకాలని పైకి అడిగి, బిడ్డ తలమీది జుట్టు తీసి మంటలో వేస్తుంది. జ్వరం దిగిపోతుంది. ఇచ్చింది మళ్లీ రాదు కాబట్టి ఆ పిల్లకు జన్మలో జుట్టు లేదు. తలకు ఎప్పుడూ తలపాగా చుట్టుకుని తిరుగుతుంది. జడలున్న ఆడపిల్లల్ని కోటలో తిరగళ్ల దగ్గరికి పంపిస్తారు. ఈ పిల్లకు జడ లేదు గనక కావలి గోడ ఎక్కిస్తారు. అలా ఆమె ఎనిమిదో కోటకు కావలి అవుతుంది. ఇదంతా నడిపించిన మంత్రం మూడో భాగంలో ఉంది. ఆ మూడో భాగం ఇప్పుడు మూడు ముక్కలయింది.

ఇది మామూలు వారంలో అయ్యుంటే నవ్వుకుని వదిలేసేదాన్ని. కానీ ధారావాహిక ముగింపుకు వస్తోంది. రచయిత నెల కిందట ఒక ప్రకటన చేశారు. అభిమానుల కథల్లోంచి ఒక మనిషిని తీసుకుని అసలు కథలో కలుపుకుంటారట. షరతులు రెండే. మంత్రం నియమం ఎక్కడా తప్పకూడదు, ఇప్పటికే సైటులో పెట్టిన భాగాల్లో అక్షరం కూడా మార్చకూడదు. చివరి భాగం ఈ ఆదివారం సాయంత్రంలోగా పెట్టాలి.

ఆ ప్రకటన చదివిన రోజు వదిన నాతో అన్న మాట ఒక్కటే. "పాపా, నా పిల్ల ఆ కథలోకి పోవాల. ఈడ మన ఇద్దరితోనే ఉంటే మనతోనే అయిపోతాది." అంతకుముందు వదిన ఏ విషయంలోనూ నాకు 'కావాలి' అని చెప్పగా నేను వినలేదు. పండక్కి చీర ఏ రంగుది కావాలన్నా "నీకు నచ్చింది తీయి" అంటుంది. అలాంటి మనిషి ఒకటి అడిగింది. అందుకే నా మిరపకాయ అంత మండింది.

ఇంటర్వెల్‌లో ఫోను చేశాను.

"ఏంది పాపా, స్కూలు టయములో చేస్తాండావు? అంతా బాగుండారా?"

"అంతా బాగుండారు వదినా. కథ బాగలేదు." వ్యాఖ్య చదివి వినిపించాను.

"దాంట్లో తప్పేముండాది?" అంది వదిన. మిషను చప్పుడు ఆగలేదు. "బిడ్డకు జొరమొస్తే తల్లి మొక్కుకుంటాది. తగ్గినంక బిడ్డకు గుండు గొట్టిస్తారు. మీయన్నకు ఎన్ని తూర్లు గొట్టిచ్చినారో మీయమ్మనడుగు."

"అదే వదినా. మొక్కుకునింది మాయమ్మ. గుండు మాయన్నది."

"ఊ."

"అడిగినోళ్లే ఇయ్యాలని గదా రూలు."

మిషను ఆగింది. 

"అంటే," అంది నెమ్మదిగా, "మనం ఆ లోకం మంత్రం రాయల్యా. మన మొక్కు రాస్తిమి."

అదీ జరిగింది. ఇద్దరం తెలివైనవాళ్లమే అనుకుంటాం. ఇద్దరం ఆ నియమాన్ని నిద్రలో లేపినా అప్పజెప్పగలం. అయినా బిడ్డకు జ్వరం అని రాయగానే మా చేతులు వాటంతటవే బిడ్డ తల మీదికి పోయాయి. మా వైపు పాఠకులు వందల కొద్దీ వ్యాఖ్యలు పెట్టారు, "ఏడిపించేశారు" అన్నారు, ఒక్కరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి వాళ్లకేమీ తేడాగా కనబడలేదు మరి.

పరీక్షగా ఉంటుందని స్టాఫ్ రూములో అడిగి చూశాను. "సార్, బిడ్డకు బాగైతే గుండు ఎవరికి?" అని. సోషల్ సారు దిద్దుతున్న పేపర్ల మీదనుంచి తలెత్తకుండానే జవాబిచ్చారు.

"బిడ్డకే మేడమ్. బిడ్డకు మాత్రమే అయితే బాగుండు. మా మేనత్త నా తలకాయ మీద మొక్కని దేవుడు లేడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు తగ్గితే నాకు గుండు. ఆమె బర్రె ఈనితే నాకు గుండు. పెండ్లిచూపులకు కూడా టోపీ పెట్టుకొనే పోతి."

"మరి మేనత్త ఏమిస్తుంది సార్?"

"నన్నిచ్చింది గదమ్మా."

హిందీ మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "మా ఇంట్లోనూ అంతే మేడమ్. దర్గాలో మన్నత్ మొక్కుకునేది మా నానీ, ఎండలో చాదర్ నెత్తిన పెట్టుకుని నడిచేది మా మామూ. ఆయప్పకు ఏం మొక్కుకున్యారో కూడా చెప్పరు."

సిగ్గుపడాల్సిన సమయంలో నాకు సంతోషం ముంచుకొచ్చింది. నా తప్పు నా ఒక్కదానిది కాదు, రెండు జిల్లాలది. మా తలల్లో ఎవరూ రాయని ఇంకో నియమావళి ఉంది. అందులో అడిగేవాళ్లు ఒకరు, ఇచ్చేవాళ్లు ఒకరు. తిరుపతి పోవడానికి ఇప్పుడు కుదరకపోతే పసుపుగుడ్డలో రూపాయి బిళ్ల కట్టి వాయిదా తీసుకోవచ్చు. ఆడవాళ్లు గుండుకు బదులు మూడు కత్తెర్లు ఇచ్చి తప్పించుకోవచ్చు. ఎంత పకడ్బందీ మాయాలోకం ఇది! దీంట్లో పుట్టి పెరిగి నేను ఇంకెక్కడిదో మాయాలోకం అని వారం వారం ఎదురుచూస్తున్నాను.

కానీ ఆదివారం ఎదురుచూడదు. ఆ నాలుగు రోజులూ మేం తల పట్టుకున్నాం, ఎవరి తల వాళ్లు. వదిన మొదట మూడు కత్తెర్లతో వచ్చింది.

"తల్లి కూడా మూడు కత్తెర్లు ఇచ్చిందని రాస్తాం పాపా. ఇద్దరివీ కలిపి మంటలో ఏసినారు."

"మూడో భాగం మార్చకూడదు వదినా. దాంట్లో తల్లి కత్తెర లేదు."

"సరే, ముడుపు గట్టింది. మిగిలింది తర్వాతిస్తాది."

"ఆ లోకంలో వాయిదాల్లేవు."

"అదేం లోకం పాపా," అంది విసుగ్గా, "ఒక్కరవ్వ గూడా సందు లేకుండా కుట్టినారు. ఇంత బిగుతుగా కుడితే ఊపిరాడతాదా?"

శుక్రవారం నాటికి మాకు మిగిలిన దారి ఒక్కటే, పోటీలోంచి తప్పుకోవడం. ఆ మాట నేను అనలేదు, వదినా అనలేదు. 

శనివారం ఎటూ నేను వేంపల్లె పోవాలి. వదిన చెల్లెలి కూతురికి గండి ఆంజనేయస్వామి దగ్గర పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. కథలో తెగని వెంట్రుక మీద అంత పంచాయితీ నడుస్తుంటే, ఆ వారమే నేను వెంట్రుకలు తీసే ఫంక్షన్‌కు పోవాల్సి రావడం చూసి మా అన్న ఫోనులో ఒకటే నవ్వు. "మీ ఇద్దరి రోగానికి మందు ఆడ ఉండాదేమో చూసుకోండి" అన్నాడు. శుక్రవారం రాత్రి బస్సెక్కి, నంద్యాల, మైదుకూరు, కడప దాటి వేంపల్లె చేరేదాకా కిటికీకి తల ఆనించి, నేను చివరి భాగం గురించే ఆలోచించాను.

మేం అనుకున్న చివరి భాగం ఇది. తలపాగా పిల్ల పెద్దదవుతుంది. తల్లికి జబ్బు చేస్తుంది. పిల్ల తల్లి కోసం అడగాలనుకుంటుంది, కానీ ఏమివ్వాలి? కావలికి కళ్లు కావాలి. కేకవేయడానికి గొంతు కావాలి. తలుపు మూయడానికి చేతులు కావాలి. అవి ఇస్తే కోట పోతుంది. ఇచ్చినా కోటకు నష్టం లేనిది జుట్టొక్కటే, అది పళ్లు రాకముందే పోయింది. కాబట్టి తల్లి పోతుంది, పిల్ల గోడమీద ఒంటరిగా నిలబడుతుంది. పాఠకులు ఏడుస్తారు. నియమం ప్రకారం అంతా సరిగ్గా ఉంది, ఆ మూడో భాగమే సరిగ్గా లేదు.

గండిలో పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట ఆ ఉదయం గాలి బాగా వీస్తోంది. బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టారు. పది నెలల పిల్ల. క్షురకుడు తల తడుపుతుంటే మొదట నవ్వింది, కత్తి తగలగానే లోకమంతా వినబడేలా ఏడుపందుకుంది. మేనమామ ఊదే బూర, మేనత్తలు ఆడించే గిలక, పక్కనెవరో ఇచ్చిన కారు తాళంచెవి, ఏదీ పనిచేయలేదు. బిడ్డకంటే ఎక్కువ ఏడుస్తున్నది తల్లి. వదిన చెల్లెలు కింద కూర్చుని, కొత్త జాకెట్ గుడ్డ ఒళ్లో పరుచుకుని, పడుతున్న ఒక్కొక్క పాయనూ అందుకుంటోంది.

"ఎందుకే అంత ఏడుపు, మళ్లీ రావా?" అని ఎవరో పెద్దామె గదమాయించింది.

"వచ్చేటివి దానియి గదమ్మా," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "ఇయి నా కడుపులో మొల్చినయి. నావి ఇయి."

నేను వదిన వైపు తిరిగాను. వదిన అప్పటికే నా వైపు తిరిగి ఉంది. నా జీవితంలో అంత గట్టిగా ఎవరూ నా మణికట్టు పట్టుకోలేదు, పెళ్లిలో కూడా.

"పాపా," అంది. "తల్లిదే."

"తల్లిదే వదినా."

పుట్టువెంట్రుకలు తల్లి ఒంట్లో పెరిగినవి. తల్లి తిన్న తిండితో, తల్లి రక్తంతో. మూడో భాగంలో బిడ్డకు ఇంకా పళ్లు రాలేదు, తల వెంట్రుకలు ఒక్కసారి కూడా తీయలేదు. మంటలో పడ్డది పుట్టుజుట్టు. అడిగింది తల్లి, ఇచ్చిందీ తల్లి, తన సొంత ఒంటిలోంచే ఇచ్చింది. సమానం గుర్తుకు రెండువైపులా తూకం సరిపోయింది. అక్షరం మార్చక్కర్లేదు. నాకు ఆ కొండల మధ్య ఎగిరి గంతేయాలనిపించింది. గుండు చేయించుకుని ఏడుస్తున్న పిల్ల ముందు పెద్దమనిషి గంతులేస్తే బాగుండదని ఆగాను.

అక్కడే మా సంబరం ఆగాల్సింది. ఆగలేదు, ఎందుకంటే నాకు లెక్కలు చెప్పే జబ్బుంది. భోజనాల దగ్గర, ఆకులో సంగటి ముద్ద పెట్టించుకుని ఊరిబిండి పచ్చడి కోసం చూస్తుండగా నా బుర్రలో అటువైపు పళ్లెం లేచింది.

"వదినా. ఇచ్చింది తల్లి జుట్టు అయితే, పిల్ల జుట్టు పిల్ల దగ్గరే ఉండాది గదా."

వదిన ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆపింది.

"మళ్లీ రావాల్సిందే గదా," అన్నాను. "పిల్లకు జుట్టెందుకు లేదు?"

ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చినిగింది. కథంతా ఆ పిల్లకు జుట్టు లేదన్న దాని మీదే నడిచింది. వదిన ముద్దను ఆకులో పెట్టేసింది. ఎదురుగా మా అన్న రెండోసారి పులుసు వేయించుకుంటున్నాడు. ఆమె ఆ పులుసును అలాగే చూస్తూ కూర్చుంది. నాకు భయం వేసింది. అప్పుడు ఆమె ముఖం మారడం చూశాను. కొలత తప్పిన గుడ్డలోంచి ఇంకో రవిక వస్తుందని కనిపెట్టినప్పుడు ఆమెకు అలాంటి ముఖం వస్తుంది.

"జుట్టు లేదని ఎవురు చెప్పినారు?"

"మనమే."

"మనం చెప్తిమా? ఊర్లో వాండ్లు చెప్పినారా? బాగా జూడు పాపా. తలపాగా కింద ఎవురన్నా చూసినారా?"

చేయి కడిగానో లేదో నాకు గుర్తు లేదు. గుడి మెట్ల పక్క బండమీద కూర్చుని ఫోనులో మా కథ మొదటినుంచీ తీశాం. నేను 'గుండు', 'బోడి', 'తల' అని ఒక్కొక్క మాటా వెతికాను, దొరికిన వాక్యాన్ని వదిన గట్టిగా చదివింది. సేనాపతి "బోడిపిల్ల" అంటాడు. అది అతని నోరు, చూసింది కాదు. తిరగలి దగ్గర ఆడవాళ్లు జాలి పడతారు. విన్న మాట మీద జాలి. తల్లి రోజూ పొద్దున్నే తలుపు మూసి బిడ్డకు తలపాగా చుడుతుంది.

"తలుపు మూసి," అంది వదిన, ఆ మాట మీద వేలు పెట్టి. "అది నేనే చెప్పింటి. సిగ్గని చెప్పింటి."

"సిగ్గు కాదు వదినా. దాపరికం."

"తల్లికి తెలుసు."

"తల్లికే తెలుసు. జడుంటే పిల్లను తిరగలికి పంపిస్తారు."

 మేం రాసిన మనుషులు మాకు తెలియకుండా ఇన్ని నెలలు మా దగ్గరే ఒక సంగతి దాచారు. ఆ ముసలి సేనాపతిని మోసం చేశారు సరే, కన్న మమ్మల్ని కూడా చేశారు. నాకు అంతకంటే గర్వమైన అవమానం ఎప్పుడూ జరగలేదు.

తొమ్మిదో భాగం దగ్గర చిక్కొచ్చి పడింది. అది నా భాగం. 'సుడిగాలికి తలపాగా ఎగిరిపోయింది' అని ఉంది. వదిన కళ్లు మూసుకుంది. "అయిపాయ. అందురూ చూసినారు. కింద ఏం రాస్తివో చదువు." ఆ క్షణంలో నేను రాసింది నాకే గుర్తు లేదు. వేలితో తెరను పైకి జరపడానికి ధైర్యం చాల్లేదు, వదినే జరిపింది.

'ఆమె రెండు చేతులతో తల కప్పుకుని గోడ చాటుకు పరుగెత్తింది.'

మేం నవ్వడం మొదలుపెట్టాం. దణ్ణం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు మెట్లెక్కుతూ ఆగి చూశారు. ఇద్దరు పెద్ద ఆడవాళ్లు ఒక ఫోను పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుంటే ఎవరైనా చూస్తారు. మా అన్న అరటిపండు వలుచుకుంటూ దగ్గరికొచ్చి, "ఏమైందే?" అన్నాడు.

"పిల్లకు జుట్టుండాది," అంది వదిన.

"ఇప్పుడే గదా గుండు గొట్టిచ్చినారు?"

"ఆ పిల్లకు కాదప్పా, మా పిల్లకు."

అన్న ఇంకేమీ అడగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నేర్చుకున్న విద్య అదొక్కటే, బాగా నేర్చుకున్నాడు.

"రెండు చేతులకు జుట్టంతా సరిపోతాదా వదినా?" అన్నాను, మళ్లీ నా జబ్బు.

"కత్తిరించుకుంటా ఉంటాది పాపా. బెత్తెడు కంటే ఎక్కువుండదు. బెత్తెడైతే రెండు చేతులకు సరిపోతాది," అంది, తన రెండు అరచేతులూ నా తలమీద పెట్టి కొలిచి చూపించి.

ఇక చివరి భాగాన్ని మేం రాయలేదు, నియమమే రాసింది. మేం దాని వెనక పరుగెత్తాం. ఎవరూ చనిపోనక్కర్లేదు. పిల్ల దగ్గర ఇవ్వడానికి ఒకటుంది. కోటకు నష్టం లేనిది, పూర్తిగా తనది. సాయంత్రం వేంపల్లెకు తిరిగొచ్చి, వదిన ముందుగదిలో కుట్టని గుడ్డలన్నీ ఒక పక్కకు నెట్టి కూర్చున్నాం. మొదటిసారి ఆమె మిషను తొక్కకుండా కథ చెప్పింది. నేను నా భాగం, నీ భాగం అనే లెక్క వదిలేశాను.

పిల్ల పట్టపగలు కావలి గోడ మీదికి ఎక్కుతుంది. కిందనుంచి కోటంతా చూస్తుండగా తలపాగా విప్పుతుంది. ఎండలో నల్లగా, బెత్తెడు జుట్టు. సేనాపతి నోరు తెరుస్తాడు. ఈ పని చేస్తే ఆమె అబద్ధం బయటపడుతుంది, కావలి ఉద్యోగం పోతుంది, తిరగలి దగ్గరికి పంపిస్తారు. అది తెలిసే విప్పుతుంది. "మా అమ్మ బతకాల" అని పైకి అడుగుతుంది. మా ఇద్దరి మాటే పెట్టాం, 'బతకాలి' అని దిద్దలేదు. తన కత్తితో తానే కోసి గాలికి వదులుతుంది. వదిన అక్కడ ఆగి, "చాలు పాపా, ఇంకేం రాయొద్దు. ఆయమ్మ లేచి కూర్చుని 'తలకేమైనా కట్టుకోవే, ఎండ' అంటాది. అంతే" అంది.

అంతే రాశాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు సైటులో పెట్టేశాం.

గంట తిరక్కుండా ఆ మర్యాదస్తురాలి వ్యాఖ్య వచ్చింది. "నా చిన్న ప్రశ్నకు ఇంత జవాబు ఉంటుందనుకోలేదండీ. మూడో భాగం మళ్లీ చదివాను, తొమ్మిదో భాగం కూడా. రెండు చేతులతో తల కప్పుకోవడం! ఇదంతా మొదటినుంచీ అనుకునే రాశారు కదండీ?"

నేను వదిన వైపు చూశాను. "ఏమని పెట్టాల?"

"అవునని పెట్టు."

"అబద్ధం గదా."

"అయితే పెట్టొద్దు. కాదని మాత్రం పెట్టొద్దు." చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. దానికి ఏ అర్థమైనా తీసుకోవచ్చు.

ఆ తర్వాత రెండు వారాలు నేను నల్లబల్ల మీద లెక్క సగంలో ఆపి ఫోను చూసుకోవడం పిల్లలు గమనించారు. "మేడమ్, ఇటువైపు చేసింది అటువైపు చేయల్యా" అని వెనక బెంచీ గుర్తుచేసింది. వదిన రోజుకొకసారి ఫోను చేసి వానల గురించి, జాకెట్ల గురించి, అన్న షుగర్ గురించి మాట్లాడేది. అసలు సంగతి తానుగా అడిగేది కాదు. నేనే "ఇంకా రాల్యా వదినా" అంటే, "దేనిగ్గురించి?" అనేది.

ఒక గురువారం జవాబు వచ్చింది. రచయిత దగ్గరినుంచి నేరుగా మాకే. స్కూలు వదిలాక, రాజ్‌విహార్ కూడలి దగ్గర ఆటోలో ఇరుక్కుని ఉండగా చదివాను, ఆటోలోంచే వదినకు చేశాను.

"మీ తలపాగా పిల్లను మా కథలోకి తీసుకుంటున్నాను" అని రాశారు. పుట్టువెంట్రుకలు తల్లివన్న సంగతిని ఇకమీద తన లోకం నియమాల్లో ఒకటిగా చేర్చుకుంటున్నారట. "ఇన్నేళ్లు రాస్తూ నాకు తట్టలేదు" అన్నారు. కింద ఒక ప్రశ్న. "గోడమీద ఇచ్చింది ఆమె సొంత జుట్టు. నియమం ప్రకారం ఇక ఎప్పటికీ రాదు. నా కథలో ఆమె పెద్దదవుతుంది, ముసలిదవుతుంది. జుట్టు లేకుండానే ఉంచాలి. మీకు సమ్మతమేనా? ఆమె మీ పిల్ల కాబట్టి అడుగుతున్నాను."

అంతా చదివి వినిపించాను. అవతల మిషను ఆగింది. ఆటోలో నా పక్కనున్నామె కాయగూరల సంచి నా కాళ్ల మీద పెట్టి, "కొంచెం జరుగు మా" అంది. జరిగాను.

"పాపా," అంది వదిన చివరికి. "ఒక్క తూరికి పెరిగిందని రాస్తే ఏమైతాది?"

'ఇక ఎప్పటికీ రాదు' అన్న వాక్యాన్ని ఇంకోసారి చదివి వినిపించాను.

"తెలుసు లే. అడిగి చూస్తి." ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు, తర్వాత ఒక చిన్న నవ్వు. "పెరగదని చెప్పు. అది అడిగింది, అది ఇచ్చింది. మనం పెంచేదేంది."

"సమ్మతం అని పెట్టేదా?"

"పెట్టు. ఇంకోటి గూడా రాయి. అన్నం పెడితే తినదు, సంగటి తినే పిల్ల. ముద్ద సల్లారినంక పెడితే అలుగుతాది. ఆడ ఎవురు చేసి పెడతారో కనుక్కోమని చెప్పు. ఎండకు కండ్లు సికిలించి చూస్తాది, అది కోపమని అనుకోవద్దని చెప్పు. పిలిస్తే ఒక్క తూరికే పలకదు, రెండు తూర్లు పిలవాల. రాస్తాండావా?"

"రాస్తాండా వదినా, చెప్పు," అన్నాను, సంచి మీద ఫోను ఆనించి, ఆటో కుదుపులకు అక్షరాలు తప్పకుండా రెండు బొటనవేళ్లతో టైపు చేస్తూ.